మామిడి మొద్దు మీద పుట్టగొడుగుల పంట

తొలకరి జల్లులు నాలుగు పడ్డాయంటే చాలు, పెరట్లో ఏ మూలనో పడి ఉన్న పాత మొద్దు మీద రాత్రికి రాత్రే తెల్లటి గొడుగులు విచ్చుకుంటాయి. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి. ‘కోసి కూర చేసేస్తే పోలా?’ అని ఒక మనసు, ‘అమ్మో, విషమేమో!’ అని మరో మనసు. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వచ్చే ఉంటుంది కదూ?

ఆ రెండో మనసు చెప్పిన మాటే వినండి. రకం తెలియని పుట్టగొడుగు జోలికి వెళ్లనే వద్దు. కానీ తినదగినదని తెలిసిన రకాన్ని అదే పెరట్లో, కట్టె మీద మీరే పెంచుకోవచ్చు. ఒకసారి పట్టిందంటే దాని మొదళ్లతోనే మరో నాలుగు చోట్లకు పాకించుకోవచ్చు. కరివేపాకు పిలక తీసి పక్కింటావిడకు ఇస్తాం చూడండి, ఇదీ అలాంటిదే!

కనిపించేది కాయ, కనిపించనిది చెట్టు

మనం కోసుకునే గొడుగు చెట్టుకు కాసిన కాయలాంటిది. అసలు ‘చెట్టు’ కట్టె లోపల తెల్లటి సన్నని దారాల్లా అల్లుకుని ఉంటుంది. ఆ దారాలు కట్టెనే ఆహారంగా తింటూ పాకుతాయి. తేమ, చల్లదనం కుదిరినప్పుడు గొడుగు బయటికి వస్తుంది. గుత్తిని మెలితిప్పి తీస్తే అడుగున దూదిలాంటి నూగు కనిపిస్తుంది. అది ప్రాణమున్న దారమే. వంటకి పనికిరాదని మనం కోసి పారేసే ఆ గట్టి మొదలే మనకు విత్తనం.

అయితే అన్ని పుట్టగొడుగులూ ఇలా లొంగవు. పాముపుట్టల్లాంటి చెదపుట్టల మీద వానాకాలంలో వచ్చేవి, చెదపురుగులు పుట్ట లోపల తమ తిండి కోసం పెంచుకునే తోటలోంచి పైకి వస్తాయి. చెదలు లేనిదే అవి బతకవు. పుట్టమన్ను గంపలకొద్దీ తెచ్చి పోసినా లాభం లేదు. కట్టెను తిని పెరిగే వాటికి ఆ చిక్కు లేదు. వాటిలో ఇంట్లో పెంచడానికి బాగా తేలికైనది ముత్యపుచిప్ప పుట్టగొడుగు. దుకాణాల్లో ఆయిస్టర్ మష్రూమ్ అని అమ్మేది ఇదే.

ఇది కొత్త విద్యేమీ కాదు. చైనా, జపాన్ దేశాల్లో వెనకటి రోజుల్లో షిటాకే పుట్టగొడుగులు కాసిన దుంగల పక్కన కొత్త దుంగలు పేర్చి, వాటికీ పట్టేలా చేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిండికి కరువొచ్చినప్పుడు జర్మనీలో ముత్యపుచిప్పల్ని చెట్ల మొద్దుల మీద పెంచారు. మన దేశంలో 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ ఈ జాతి పుట్టగొడుగుల్ని వరిగడ్డి మీద పెంచి చూపించారు. మన ఇళ్లకు ఇది ఇంత దగ్గరైందంటే ఆ వరిగడ్డి చలవే!

అట్టముక్కల్లో మొలక

ముందుగా తాజా ముత్యపుచిప్ప పుట్టగొడుగుల ప్యాకెట్ ఒకటి కొనండి. గుత్తి మొదళ్లు ఉన్నది చూసి తీసుకోండి. పైభాగం వంటకి వాడుకుని, మొదళ్లను అంగుళం ముక్కలుగా కోసి పక్కన పెట్టుకోండి.

రంగుల అచ్చు లేని మామూలు అట్టపెట్టెను చింపి, వేడినీళ్లలో నానబెట్టండి. చల్లారాక పొరలు విడదీసి గట్టిగా పిండండి. చేతులు సబ్బుతో కడుక్కుని, పొరల మధ్య మొదళ్లను అక్కడక్కడా పెట్టి చుట్టేయండి. ఈ చుట్టను శుభ్రమైన డబ్బాలో ఉంచి, మూతకు నాలుగు చిల్లులు పెట్టి, చీకటిగా చల్లగా ఉండే మూలన పెట్టండి. రెండు మూడు వారాల్లో అట్టంతా తెల్లటి దారాలు అల్లుకుంటాయి. తాజా పుట్టగొడుగు వాసన రావాలి. పుల్లటి వాసన వచ్చినా, ఆకుపచ్చ, నల్ల బూజు కనిపించినా మొహమాటం లేకుండా డబ్బాలోదంతా ఇంటికి దూరంగా పారేయండి. బాగున్న ముక్క ఏరుకుందాం అనుకోవద్దు. కళ్లకు కనిపించే లోపే బూజు అంతటా పాకి ఉంటుంది.

గడ్డి మీద పంట

బూజు లేని ఎండు వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే నీళ్లు వంపేసి, అరగంట సేపు ఉడికించండి. ఈ పని తప్పనిసరి. గడ్డిలో ముందే ఉన్న బూజు చస్తేనే మన దారానికి చోటు దొరుకుతుంది. తర్వాత నీడన ఆరబోయండి. గుప్పెట్లో పిండితే నీటిచుక్క రాకూడదు, అరచేయి మాత్రం చెమ్మగా అనిపించాలి. అదీ పదును.

పాలిథిన్ సంచిలో ఒక వరుస గడ్డి, దానిపైన దారం పట్టిన అట్టముక్కలు, మళ్లీ గడ్డి... ఇలా నింపి మూతి కట్టేయండి. చుట్టూ పది పదిహేను చిల్లులు పెట్టి చీకట్లో ఉంచండి. సుమారు మూడు వారాల్లో సంచి మొత్తం తెల్లబడుతుంది. అప్పుడు అక్కడక్కడా చీల్చి, గాలీ కాస్త వెలుతురూ తగిలే చోటికి మార్చండి. ఎండ మాత్రం తగలకూడదు. రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తుంటే వారం పదిరోజుల్లో మొగ్గలు కనిపిస్తాయి. ఒక సంచి నుంచి రెండు మూడు కాపులు తీసుకోవచ్చు. మన వాతావరణంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగా అనువు. అంచులు పైకి తిరగక ముందే కోసేయండి. ముదిరితే పొడి రాలుతుంది, అది పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే సంచుల్ని పడకగదిలో పెట్టకండి.

పెరట్లో పెట్టాలంటే

పాత మొద్దు పనికిరాదు. అందులో ముందే ఎవరో కాపురం పెట్టి ఉంటారు! కొత్తగా కొట్టిన మామిడి దుంగ తెప్పించండి. రంగు, చెదలమందు తగిలినది వద్దు. దుంగను అడ్డంగా రెండు మూడు ముక్కలు కోయించి, మధ్యమధ్య దారం పట్టిన గడ్డి పరచి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి. చెట్టునీడన ఉంచి తడి గోనెపట్టా కప్పండి, ఆరిపోనివ్వకండి. దీనికి ఓపిక కావాలి. నెలలు పడుతుంది, మరుసటి వానాకాలం దాకా ఆగాల్సి రావచ్చు. కాశాక ఆ మొదళ్లతో మళ్లీ అట్టముక్కల దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు. కొన్ని తరాలు గడిచాక కాపు తగ్గి బూజు ఎక్కువవుతుంది. అప్పుడు కొత్త విత్తనం, అదే ‘స్పాన్’, కొనుక్కోవాలి.

ఇది మాత్రం మరిచిపోకండి

మీరు వేసిన దుంగ మీద మీరు వేసిందే రావాలని లేదు. గాలిలో తేలివచ్చిన విత్తులతో వేరే రకమూ మొలవచ్చు. ప్రతిసారీ గుత్తి గుత్తినీ చూడండి: చిప్ప ఆకారం, పక్కగా ఉండే పొట్టి కాడ, కాడ మీదికి జారిన గీతలు. ఏ మాత్రం తేడా అనిపించినా వదిలేయండి. ఈ గుర్తులు మీరు వేసినదాన్ని పోల్చుకోవడానికే, అడవిలో ఏరుకోవడానికి కాదు. జపాన్‌లో కట్టె మీద పెరిగే, ముత్యపుచిప్పను పోలిన ఒక తెల్ల పుట్టగొడుగును జనం ఏళ్ల తరబడి తిన్నారు. 2004లో అదే తిని 17 మంది చనిపోయారు. వారిలో చాలామంది మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగు తింటే మంచిదని చెప్పేవన్నీ వట్టి మాటలు. ప్రాణం తీసే రకాల్లోని విషం ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు తిన్న ఆరు గంటల తర్వాతగానీ మొదలుకాకపోవచ్చు. మధ్యలో తగ్గినట్టే తగ్గి, కాలేయం దెబ్బతింటుంది. అనుమానం వస్తే తగ్గిందిలే అని ఊరుకోకుండా, మిగిలిన పుట్టగొడుగు ముక్క వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొదటి కోతకి మిరియాల వేపుడు

పావుకిలో పుట్టగొడుగుల్ని గబగబా కడిగి చేత్తో చీల్చండి, నీళ్లలో నాననివ్వకండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి జీలకర్ర, కరివేపాకు, రెండు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయ వేయించండి. పుట్టగొడుగులు, ఉప్పు, చిటికెడు పసుపు వేస్తే నీరు ఊరుతుంది. అది పూర్తిగా ఇగిరేదాకా వేయించి, మిరియాలపొడి చల్లి దించండి. చారన్నంలోకి భలేగా ఉంటుంది. మొదటిసారి తినేవాళ్లకి కొంచెమే వడ్డించండి, కొందరికి పడకపోవచ్చు.

వంట అయ్యాక మొదళ్లను చెత్తబుట్టలో వేసేయకండి సుమా! మీ రెండో పంట వాటిలోనే ఉంది.