కృత్రిమ మేధ శిక్షణలో అర్థనిర్ణయం: ఆన్‌లైన్ చిరుపనుల స్వరూపం

ఉపోద్ఘాతం:

1770లో వుల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్ వియన్నా రాజసభలో ఒక చదరంగ యంత్రాన్ని ప్రదర్శించాడు. తలపాగా ధరించిన తురుష్కుని బొమ్మ ఎదుటివారితో చదరంగం ఆడేది. నిజానికి బొమ్మ ముందున్న పెట్టెలో మనిషి దాగి ఉండి ఎత్తులు వేసేవాడు. 2005లో అమెజాన్ సంస్థ తన ఆన్‌లైన్ పనుల వేదికకు 'మెకానికల్ టర్క్' అని ఆ బొమ్మ పేరే పెట్టింది. పెట్టెలో మనిషి ఉన్న సంగతిని పేరు పెట్టినవారు దాచలేదనే చెప్పాలి.

కంప్యూటరుకు కష్టమై, మనిషికి క్షణాల్లో సాధ్యమయ్యే పనులను చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కకు ఇంత అని చెల్లించడం ఈ వేదిక పద్ధతి. ఫొటోలో ఏముందో గుర్తించడం, విన్న మాటలను రాయడం, రెండు వాక్యాల్లో ఏది మేలో తేల్చడం వంటివి ఈ చిరుపనులు. వీటిని యాంత్రికమైన పనులుగా భావించడం పరిపాటి. కానీ వీటిలో ప్రధానంగా జరిగేది అర్థనిర్ణయం. ఇమేజ్‌నెట్ నిర్మాణక్రమం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

పదం - చిత్రం:

ఫే-ఫే లీ నాయకత్వంలోని బృందం 2009లో ప్రకటించిన చిత్రసంచయం ఇమేజ్‌నెట్. దీనికి పునాది వర్డ్‌నెట్ అనే ఆంగ్ల పదకోశం. అందులోని నామవాచక భావాలకు ఇంటర్నెట్ నుంచి చిత్రాలను సేకరించి, అవి ఆ భావాలకు సరిపోతాయో లేదో తేల్చే పనిని టర్క్ శ్రామికులకు అప్పగించారు. 167 దేశాలకు చెందిన సుమారు 49,000 మంది ఇందులో పాల్గొన్నారు. సంచయం కోటీ 40 లక్షల చిత్రాలను దాటింది.

ఒక్కరి జవాబును ప్రమాణంగా తీసుకోలేదు. ఒకే చిత్రాన్ని పలువురికి చూపి, అధికుల మాటను స్వీకరించారు. 'పిల్లి' విషయంలో ఏకాభిప్రాయం సులువుగానే కుదిరింది. 'బర్మీస్ పిల్లి' అనేసరికి అభిప్రాయాలు చీలి, మరింత మందిని అడగవలసి వచ్చింది. నిఘంటుకర్తలకు ఇది కొత్త చిక్కు కాదు. పదానికీ పదార్థానికీ గల సంబంధం సమాజపు అంగీకారంపై నిలుస్తుందని భాషాశాస్త్రం చెబుతూనే ఉంది. ఇక్కడ ఆ అంగీకారం ఓట్ల లెక్కగా మారింది. నిఘంటువుకు కర్త పేరు ఉంటుంది. ఈ 49,000 మంది సంఖ్యగానే మిగిలారు.

2012 ఇమేజ్‌నెట్ పోటీలో టొరంటో విశ్వవిద్యాలయ బృందం రూపొందించిన అలెక్స్‌నెట్ 15.3 దోషశాతంతో నెగ్గింది. రెండవ స్థానంలో నిలిచిన బృందానిది 26.2 శాతం. నేటి కృత్రిమ మేధ విజృంభణను చాలామంది ఈ ఘట్టం నుంచే లెక్కిస్తారు.

వేతనం - తిరస్కరణ:

కొటారో హరా, సహపరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం టర్క్ శ్రామికుల మధ్యగత ఆదాయం గంటకు సుమారు 2 డాలర్లు. అమెరికా సమాఖ్య కనీస వేతనమైన 7.25 డాలర్లను మించి పొందినవారు 4 శాతమే. పని వెతుక్కునే సమయానికి కూలి లేకపోవడం ఇందుకు ఒక కారణం. తిరస్కరణ మరొకటి. పని ఇచ్చినవారు నచ్చలేదని తిరస్కరిస్తే కూలి రాదు, చేసిన పని మాత్రం వారి దగ్గరే ఉంటుంది. పైగా శ్రామికుని ఆమోదశాతం పడిపోతుంది. అది 95కు తగ్గితే చాలా పనులు అందుబాటులో ఉండవు. ఇటువంటి స్థితిలో తనకు తోచినది చెప్పడం కంటే ఇతరులు ఏమంటారో ఊహించి చెప్పడమే క్షేమకరం. తక్కువ కూలితో పాటు ఆలోచించవలసిన అంశమిది. ఎందుకంటే యంత్రం నేర్చుకునేది ఆ జవాబులనుంచే.

టర్క్ శ్రామికుల్లో అమెరికా తరువాత ఎక్కువమంది భారతీయులు. మేరీ గ్రే, సిద్ధార్థ్ సూరి 2019లో వెలువరించిన 'ఘోస్ట్ వర్క్' గ్రంథం ఈ రెండు దేశాల్లోని ఇటువంటి పనివారిని పరిశీలించింది. గడ్డం తీసేసిన అమెరికా ఊబర్ డ్రైవరు ముఖం పాత ఫొటోతో సరిపోతుందో లేదో హైదరాబాదులోని ఒక మహిళ క్షణాల్లో తేల్చే సన్నివేశం అందులో ఉంది.

ఇక్కడ పోల్చవలసినవి రెండు ముఖాలే. భాష విషయంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒకే కాయను ఒక ప్రాంతం సొరకాయ అంటే, మరొక ప్రాంతం ఆనపకాయ అంటుంది. ఐదుగురి జవాబులను పోల్చి అధికుల మాటను ప్రమాణం చేసే పనిలో నలుగురు సొరకాయ అన్నారనుకుంటే, ఆనపకాయ అన్న ఐదవ వ్యక్తి జవాబు తప్పుగా నమోదవుతుంది, కూలి పోతుంది, ఆమోదశాతం తగ్గుతుంది.