బావి పంపు నీరెత్తకున్నచో

రెండేండ్లకొకసారి మాఘమున జాతర ముగిసి, మేడారమున ఎండలు ముదురునాటికి ఇంటిబావులలో నీరు దిగును. గట్టుమీది మోటారు తిరుగుచునే యుండును; నీరు మాత్రము రాదు. వెంటనే పంపు విప్పించి సొమ్ము పోగొట్టుకొనువారిని మేమెరుగుదుము.

నిజమునకు పంపు నీటిని లాగదు. అది గొట్టములోని గాలిని తగ్గింపగా, బయటి గాలి బరువే బావినీటిని పైకి నెట్టును. ఈ బరువును 1643లో ఇటలీదేశపు టారిసెల్లి పాదరసముతో నిరూపించెను. అది నీటిని సుమారు 34 అడుగులకు మించి యెత్తజాలదు. వాడుకలో 25 అడుగులే గొప్ప. కావున విద్యార్థులారా, మొదట తాడునకు రాయి కట్టి, పంపునుండి నీటికెంత దూరమో కొలువుడు. 25 అడుగులు దాటినచో పంపును క్రిందికి దింపవలెను, లేదా నీట మునిగియుండు పంపును పెట్టవలెను. మరమ్మతువలన ఫలము లేదు.

నీరు చేరువనే యున్నచో మోటారు నాపి, గొట్టము నిండ నీరు పోయుడు. అది జారిపోయినచో అడుగునున్న ఫుట్‌వాల్వు అరిగినది, లేదా దానిలో ఆకు చిక్కినది. నీరు నిలిచియు, ధార బుడగలతో తెగి తెగి వచ్చినచో అతుకులలో గాలి చొరబడుచున్నది. మోటారు నాపి అతుకుచుట్టు తడిమన్ను మెత్తి, మరల నడిపి చూడుడు. ధార కుదుటపడినచో లోపమచ్చటనే. నీరులేని పంపును మాత్రము ఊరక తిరుగనీయకుడు, సీలు కాలిపోవును.