కంప్యూటరు తెఱకు సింగారము, యంత్రమునకు భారము

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టించిన గ్రామములవారికి ఒక సంగతి నేను చెప్ప నక్కఱలేదు. ప్రభకు చుట్టిన రంగుగుడ్డలును, అంటించిన బొమ్మలును బండికి బరువు కావు. బరువంతయు దాని యెత్తునందును, కఱ్ఱలయందును, రాత్రి దీపములు వెలుగుటకై వెంట లాగుకొనిపోవు జనరేటరునందును ఉన్నది. కంప్యూటరు తెఱను అలంకరించుటయు నిట్టిదే. ఏ సింగారము గుడ్డ వంటిదో, ఏది జనరేటరు వంటిదో తెలిసికొనినచో యంత్రము మందగింపకయే మన ముచ్చట తీఱును. ఆ భేద మెఱుగక నేను చేసిన పొరపాటును ముందు మనవి చేసెదను.

నేను నరసరావుపేటలో కాపురమున్నవాడను. ఉద్యోగము విరమించిన పిమ్మట నా కుమారుడు కొనియిచ్చిన కంప్యూటరొకటి మా వసారాలో నున్నది. అది పాతది, దాని మెమరీ 4 గిగాబైట్లు మాత్రమే. వీధిలోనివారును, పల్లెలనుండి వచ్చు బంధువులును అడంగలు, 1-బి నకలు, పింఛను కాగితములు తీయించుకొనుటకు దానియొద్దకు వచ్చుచుందురు. మూడేండ్ల క్రిందట వేసవి సెలవులకు వచ్చిన నా మనుమడు, “తాతయ్యా, నీ కంప్యూటర్ బోసిగా ఉంది” అని దానిని సింగారించి పోయెను. తెఱనిండ సముద్రము, అందులో ఈదులాడు చేపలు, ఒక మూల గడియారము, మఱియొక మూల వాన వచ్చునో రాదో చెప్పు పెట్టె, బాణపు గుర్తు కదలిన చోటెల్ల మెఱుపులు. నేనును పదిమందికి చూపి మురిసితిని.

కొన్నాళ్లకు మా బావగారొకరు పల్లెనుండి వచ్చిరి. పంట ఋణము తిరుగ వ్రాయించుకొనుటకు అదియే తుది దినము. అడంగలు నకలు కావలెను. మీట నొక్కిన పిదప తెఱ సిద్ధమగుటకే పావుగంట పట్టెను. అడంగలు పుట తెఱచునప్పటికి చేపలు నిలిచిపోయెను, మౌసు కదలకపోయెను, ప్రింటరు పలుకదాయెను. మూడు మాఱులు ఆర్పి వెలిగించితిమి. కాగితము చేతికి వచ్చి బావగారు బ్యాంకు మెట్లెక్కునప్పటికి ఆనాటి పనివేళ ముగిసెను. గడువు దాటుటచే వడ్డీలో రావలసిన తగ్గింపు పోయెను. సాయంత్రము వచ్చి అరుగుపై కూర్చుండి, “చేపలు బాగానే ఈదుతున్నాయి బావా, మునిగింది నేనే” అనిరి. ఆ మాట నన్ను చాల కాలము బాధించినది. ఆ రాత్రియే నేను ఈ విషయమును నేర్చుకొన మొదలిడితిని.

డెస్క్‌టాపు అనగా మేజాబల్ల పైభాగము. గుమాస్తా బల్లపై కాగితములు, ఫైళ్లు, ప్రక్కను చెత్తబుట్ట ఉండునట్లే తెఱపైనను ఉండవలెనను భావనతో జిరాక్సు కంపెనీవారు 1981లో స్టార్ అను యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. 1984లో ఆపిల్ వారి మాకింటాషు వచ్చి ఆ పద్ధతిని ఇండ్లకు చేర్చెను. ఆ బల్లపై పఱచిన గుడ్డ వంటిది వెనుకటి బొమ్మ. దానిని వాల్‌పేపరు అందురు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో పచ్చని గుట్ట, నీలాకాశము గల బొమ్మను మీరును చూచియే యుందురు. అది చిత్రించినది కాదు. చార్లెస్ ఓరియర్ అను ఛాయాగ్రాహకుడు 1996లో కాలిఫోర్నియాలో తీసిన ఫోటో.

కదలని బొమ్మ వలన యంత్రమునకు కలుగు భారమెంత? లెక్క చూతము. నేటి సాధారణపు తెఱపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును, మొత్తము 20,73,600. చుక్క యొక్కింటికి 4 బైట్ల చొప్పున 83 లక్షల బైట్లకు లోపుగనే యగును. నా పాత యంత్రపు మెమరీలో ఇది ఐదువందలలో నొక పాలైనను కాదు. పైగా ఒకసారి గీచినచో అది అట్లే నిలుచును. అరగంట కొకసారి బొమ్మ మాఱునట్లు చేసినను పెద్ద భారము లేదు. కావున మనుమరాలి ఫోటోయో, త్రికోటేశ్వరస్వామి కొండయో నిర్భయముగ పెట్టుకొనవచ్చును.

కదలు బొమ్మ సంగతి వేఱు. అది సెకనుకు 30 మాఱులు క్రొత్తగా గీయబడినచో గంటకు 1,08,000 మాఱులు గీయబడును. మనము భోజనమునకు లేచిపోయినను చేపలు ఈదుచునే యుండును. వానిని ఈదించువాడు యంత్రములోని ప్రాసెసరే. వేఱొక పుట తెఱనిండ తెఱచినపుడు కదలిక నాపు తెలివిగల కూర్పులును కొన్ని కలవు గాని, మా యింటిది అట్టిది కాదు. వాతావరణపు పెట్టెవంటివి మాటిమాటికి ఇంటర్నెట్టును తట్టి వార్త అడుగుచుండును. మెఱుపుల బాణము సరేసరి.

ఇందులో దోషి యెవడో కనుగొనుటకు మంచి యుపాయము కలదు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్కు మేనేజరు అను పట్టిక వచ్చును. ఏ పని ప్రాసెసరులో నూటికెన్ని పాళ్లు, మెమరీలో నెంత తినుచున్నదో అందు కానవచ్చును. మా యింట ఏ పనియు చేయకున్నను చేపలే నూటికి ముప్పది పాళ్లు మ్రింగుచుండెను! ఆ పట్టికలోనే స్టార్టప్ అను పుట యున్నది. యంత్రము మేల్కొనగనే పిలువకయే లేచి కూర్చుండు వాని పేర్లన్నియు నుండును. అక్కఱలేని దానిపై డిజేబుల్ అని నొక్కిన చాలును. అది చెడిపోదు, పిలిచినపుడే వచ్చును. వైరసులకు కావలియున్న దానిని మాత్రము తాకరాదు. ఉచితమని చెప్పి సింగారపు మూటల నిచ్చు చోట్లనుండి తెచ్చుకొనినచో మూటతోపాటు పిలువని చుట్టములును వచ్చుచుందురు. నా పట్టికలో అట్టివి నాలుగు కనబడెను.

తెలుగు చదువుకొను మనకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. విండోసులో అపియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ అను మాటలు వెదకినచో అలంకారముల జాబితా యొకటి వచ్చును. అందు ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’ అను దానిని ఎంచినచో అన్ని టిక్కులును ఒక్కసారి పోవును. నేను తొందరపడి అట్లే చేసితిని. తెలుగు అక్షరములు ఱంపపు పండ్లవలె గరుకై, ఒత్తులును గుడులును ఒకదాని నొకటి పోలి కండ్లు నొచ్చెను. ‘స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్’ అను నొక్క టిక్కును మరల పెట్టగనే అక్షరము నునుపై చక్కబడెను. నీడలు, జారి తెఱచుకొను పుటలు, గాజువలె పారదర్శకమైన అంచులు తీసివేసినను నష్టము లేదు. చూపు మందగించినవారు అక్షరము పెద్దది కావలెనని తెఱ చుక్కల సంఖ్యను తగ్గించుచుందురు. అది తప్పు, అక్షరము పెద్దదగును గాని మసకబాఱును. చుక్కల నట్లే యుంచి, స్కేలు అను చోట 125 అని యెంచవలెను. దీనివలన వేగము తగ్గదు.

మెనూలు సైతము తెలుగున కావలెనను వారికి విండోసులోనే తెలుగు భాషాకూర్పు కలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగుచేసి ప్రజల కందించిరి. నా యంత్రమందలి విండోస్ 10కు కంపెనీవారి ఉచిత పోషణ 2025 అక్టోబరు 14తో సామాన్యముగ ముగిసినది. కావున పాత యంత్రములవారు అంతగా ఆడంబరము లేని లినక్సు బల్లను చూచుట మంచిది.

నల్లని బొమ్మ పెట్టినచో కరెంటు ఆదా యగునని మావీధిలో నొక నమ్మిక యున్నది. సాధారణపు ఎల్‌సీడీ తెఱల విషయమున నది నిజము కాదు. బొమ్మ నల్లనైనను వెనుకటి దీపము అట్లే వెలుగుచుండును. స్క్రీన్‌సేవరు అనునదియు పాత గాజుబుడ్డి తెఱలనాటి యవసరము. ఒకే బొమ్మ చాల సేపు నిలిచినచో ఆ తెఱలపై మచ్చ పడెడిది. ఇప్పుడు పని లేనపుడు తెఱ తానే ఆఱిపోవునట్లు ఏర్పఱచుటయే మేలు.

మొన్నటి శివరాత్రికి బావగారు తమ ఊరి ప్రభను ఫోనులో ఫోటో తీసి తెచ్చి, “దీన్ని నీ తెర మీద పెట్టు బావా” అని యడిగిరి. పెట్టితిని. ప్రభనిండ దీపములు; ఒక్కటియు కదలదు. ఎడమప్రక్క అడంగలు, పింఛను, ప్రింటరు అను మూడు గుర్తులు మాత్రము ఉంచితిమి. ఈ యేటి నకలు మేము కాఫీ త్రాగునంతలో వచ్చినది.