ఉద్యోగం వచ్చాక కాదు.. ఇప్పుడే!

డిగ్రీ అయిపోయింది. గ్రూప్స్‌కో, బ్యాంకుకో, కానిస్టేబుల్‌కో చదువుతున్నారు. నర్సీపట్నంలో ఇంటి దగ్గరే ఉన్నా, కోచింగ్ కోసం విశాఖలో గది తీసుకున్నా వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఏమైనా వచ్చిందా?’ ఇలాంటప్పుడు సాయంత్రం వాలీబాల్ ఆడటానికి వెళ్లినా ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. బొమ్మలేయడం, కవిత రాసుకోవడం, వంట నేర్చుకోవడం.. అన్నింటినీ ‘ఉద్యోగం వచ్చాక చూద్దాంలే’ అని అటకెక్కించేస్తారు.

చిక్కేంటంటే, ఆ ‘వచ్చాక’ ఎప్పుడో మన చేతిలో లేదు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 సంగతే చూడండి. ప్రకటన 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగితే, మెయిన్స్ జరిగింది 2025 ఫిబ్రవరి 23న. రెండు పరీక్షల మధ్యే దాదాపు ఏడాది! అన్నాళ్లూ పుస్తకం తప్ప వేరే ప్రపంచం లేకుండా కూర్చుంటే చదువే బరువైపోతుంది. రోజుకో గంట, కనీసం అరగంట మీకంటూ ఉంచుకుంటే? దానికి డబ్బు అక్కర్లేదు, దూరం వెళ్లక్కర్లేదు. మన చుట్టుపక్కలే బోలెడన్ని దారులున్నాయి.

రెండో ప్రశ్నకు జవాబుందా?

ముందు ఉద్యోగం వైపు నుంచే చూద్దాం. రెజ్యూమేలో ‘హాబీలు’ అనే గడిని చాలామంది స్నేహితుడి కాగితం చూసి నింపేస్తారు. ‘పుస్తకాలు చదవడం, పాటలు వినడం’. యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్ దరఖాస్తులోనూ అభిరుచులు రాయమంటారు. 275 మార్కుల ఇంటర్వ్యూలో వాటి మీద ప్రశ్నలు అడగడం మామూలే. ‘మీ హాబీ ఏంటి?’ అన్న మొదటి ప్రశ్నకు ఎవరైనా చెప్తారు. ‘ఈమధ్య ఏం చదివారు? అందులో మీకు నచ్చనిదేంటి?’ అన్న రెండో ప్రశ్న దగ్గరే బట్టీ జవాబు బయటపడిపోతుంది. నిజంగా ఇష్టపడి చేసేవాళ్లు మాత్రం తడుముకోరు. కళ్లలో వెలుగు దానంతటదే వస్తుంది.

మైదానం పిలుస్తోంది

కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యే అబ్బాయిలు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరిగెత్తాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తడం ఒక ఎత్తు, నలుగురితో కలిసి కబడ్డీ ఆడటం మరో ఎత్తు. రెండోదాంట్లో నవ్వుంటుంది, గొడవుంటుంది, ఓడిపోయి మళ్లీ రేపు రావడం ఉంటుంది. మంచి స్థాయిలో ఆడేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అయితే దానికి గుర్తింపున్న పోటీల సర్టిఫికెట్లు కావాలి, అది కొద్దిమంది దారి. మిగతావాళ్లకు దక్కేది వేరు: రాత్రి హాయిగా నిద్ర, పొద్దున్నే చురుకైన బుర్ర. ఒక్క మాట.. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడేది ఆట కాదు. అలాంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025లో చట్టమే తెచ్చింది.

లక్క రంగుల ఊరు

నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు వైపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ఎలా చేస్తారో ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? మెత్తగా ఉండే అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి తీసిన సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మీరు కళాకారులే కానక్కర్లేదు. ఒక ఆదివారం వెళ్లి, ఒక లక్కపిడతను చూసి, ఇంటికొచ్చి నోటుపుస్తకంలో గీయండి. గీయాలని చూస్తేనే దాని వంపు ఎంత కష్టమో తెలుస్తుంది. వస్తువును అంత శ్రద్ధగా చూడటమే ఒక ఆనందం.

21 ఏళ్ల కుర్రాడి కవిత

గురజాడ అప్పారావు పుట్టింది మన అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలోనే, 1862లో. ‘కన్యాశుల్కం’ గురించి అందరికీ తెలుసు. కానీ ఆయన మొదలుపెట్టింది చదువుకునే రోజుల్లో రాసిన ఇంగ్లిష్ పద్యాలతో. 1883లో ‘సారంగధర’ అచ్చయ్యేనాటికి ఆయన వయసు 21, అంటే మీ వయసే! అది చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ‘మీ సొంత భాషలో రాయండి’ అని ప్రోత్సహించారు. ఆ తర్వాతా గురజాడ పాఠాలు చెప్పారు, సంస్థానంలో కొలువు చేశారు, వాటితోపాటే రాశారు. మీరు రాసేది అచ్చు కాకపోయినా ఫర్లేదు. రోజూ నాలుగు పంక్తులు మీ మాటల్లో రాసుకుంటే మనసు తేలికవుతుంది. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు మాట కోసం వెతుక్కునే బాధా తగ్గుతుంది.

గదిలో ఘుమఘుమలు

విశాఖలో గది తీసుకున్నవాళ్లకు మెస్ భోజనం రెండో వారానికే మొహం మొత్తుతుంది. చోడి అంబలితో మొదలుపెట్టండి. రాత్రి చోడి పిండిని నీళ్లలో కలిపి పులవనివ్వాలి. పొద్దున్న నూకలు ఉడికించి, అందులో ఆ పిండి నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ మరిగించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. అంతే! ఉండ కట్టిందా? రేపు ఇంకాస్త జాగ్రత్తగా కలుపుతారు. పోటీ పరీక్షలో ఫలితానికి ఏడాది ఆగాలి, వంటలో అరగంట చాలు. అమ్మకు ఫోన్ చేయడానికి ‘ఏమైనా వచ్చిందా’ కాకుండా వేరే సంగతి కూడా దొరుకుతుంది.

చిన్న బిళ్లలో పెద్ద చరిత్ర

సేకరణ అంటే ఖరీదైన వస్తువులే అనుకోవద్దు. నర్సీపట్నం దగ్గర్లోని కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద ఆయన దళం దాడి చేసింది. 1986లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. అలాంటి ఒక్క స్టాంపు చేతికొస్తే దాని వెనకున్న కథంతా తవ్వాలనిపిస్తుంది. తపాలా శాఖలో 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి. అదీ వద్దనుకుంటే పైసా ఖర్చు లేని సేకరణ ఇంకోటుంది. మామ్మ వాడే మాటలను, సామెతలను ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఆ మాటలు మళ్లీ ఎక్కడా దొరకవు.

దీన్నీ పరీక్ష చేయొద్దు

అయిదూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కటి ఎంచుకోండి. సమయం ముందే అనుకోండి, అలారం మోగగానే లేచి పుస్తకం ముందుకు వెళ్లండి. చేసిన ప్రతిదాన్నీ స్టేటస్‌లో పెట్టి లైకులు లెక్కపెడితే అది కూడా ఇంకో ర్యాంకుల జాబితా అయిపోతుంది. బాగా రాకపోయినా చేయడానికి సిగ్గుపడక్కర్లేని చోటు ఒకటుండాలి కదా!

ఎందుకంటే, జాబితాలో మీ నంబరు లేని రోజు కూడా ఒకటి రావచ్చు. ఆరోజు ‘నేనెందుకూ పనికిరాను’ అనిపిస్తుంది. ఆ సాయంత్రం మైదానంలో మీకోసం ఎదురుచూసే జట్టో, సగం గీసి వదిలేసిన బొమ్మో ఉంటే ఆ మాట నిజం కాదని మీకే తెలుస్తుంది. మనిషి అంటే హాల్‌టికెట్ నంబరు ఒక్కటే కాదు.

అందుకే ఇవాళ టైమ్‌టేబుల్ వేసుకునేటప్పుడు పాలిటీ, రీజనింగ్, అర్థమెటిక్ కింద ఇంకో గీత గీయండి. అక్కడ మీకిష్టమైన పని పేరు, పక్కన టైమ్ రాయండి. సాయంత్రం ఆరు గంటలు బాగుంటుంది.