సిస్టర్ ఎదిగితే ఎటు వెళ్లాలి?

రాత్రి రెండు దాటింది. అమ్మకు పేగు ఆపరేషన్ అయి మూడో రోజు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి కునికిపాట్లు పడుతున్నాను. చిన్న సిస్టర్ వచ్చి సెలైన్ మార్చింది. చేతి గడియారం వంకా, చుక్కల వంకా మార్చి మార్చి చూస్తూ పావు నిమిషం లెక్కపెట్టింది. అర లీటరు బాటిల్ నాలుగు గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 42 చుక్కలు, అంటే పావు నిమిషానికి పదో పదకొండో. లెక్క తప్పకూడదని ఆ అమ్మాయి పెదాలు కదుపుతోంది. బీపీ చూసింది, జ్వరం చూసింది, ఛార్టులో రాసింది. అంతా బాగానే ఉందంది.

వెనకే పెద్ద సిస్టర్ వచ్చారు. యాభై దాటి ఉంటాయి. ఆమె ఛార్టు వంక చూడలేదు. దుప్పటి తీసి అమ్మ పాదం పట్టుకున్నారు. చేతిని మెల్లగా మోకాలి దాకా జరిపారు. వంగి యూరిన్ బ్యాగ్ చూశారు.

“సాయంత్రం నుంచి ఇంతేనా వచ్చింది? డ్యూటీ డాక్టర్‌ని లేపు.”

“బీపీ బాగానే ఉంది కదా సిస్టర్?”

“బీపీ ఆఖర్న పడుతుందమ్మా. ముందు కాళ్లు చెబుతాయి.”

డాక్టర్ వచ్చారు, రక్తపరీక్షలు వెళ్లాయి, మందులు మారాయి. తెల్లారేసరికి లోపల ఇన్‌ఫెక్షన్ మొదలైందని తేలింది. ఇంకో ఆరు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. శరీరానికి ఆపద వస్తే ఉన్న రక్తాన్ని ముందు గుండెకూ మెదడుకూ మళ్లించుకుంటుందట. కోత పడేది చర్మానికీ, మూత్రపిండాలకూ. అందుకే అంకెలు మారకముందే పాదాలు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. పుస్తకంలో ఇది చిన్న సిస్టర్ కూడా చదివే ఉంటుంది. చదివినది చేతిలోకి దిగడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఏళ్లలో ఏం జరుగుతుందన్నది అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు ప్యాట్రీషియా బెనర్ చాలా శ్రద్ధగా గమనించి, 1984లో ‘ఫ్రమ్ నోవిస్ టు ఎక్స్‌పర్ట్’ అని పుస్తకం రాశారు. కొత్తగా వచ్చిన నర్సు నియమాలు పట్టుకుని నడుస్తుంది. అనుభవం పెరిగేకొద్దీ మనిషిని మొత్తంగా చూడటం వస్తుంది. అక్కడిదాకా అయిదు మెట్లున్నాయంటారు ఆమె. మా మంచం పక్కన ఆ రాత్రి మొదటి మెట్టూ అయిదో మెట్టూ పక్కపక్కనే నిలబడ్డాయి.

మర్నాడు దండం పెట్టుకుందామని వెళితే పెద్ద సిస్టర్ టేబుల్ దగ్గర నాలుగు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నారు. హెడ్ నర్స్ ప్రమోషన్ వచ్చిందట, వచ్చే నెల నుంచి ఇన్‌ఛార్జి. ముందే అన్నీ అప్పజెబుతున్నారు: దుప్పట్ల లెక్క, మందుల ఇండెంట్, డ్యూటీ చార్టు, పాడైన సక్షన్ మిషన్ గురించి రాసి రాసి జవాబు రాని కాగితాలు. వార్డులో అందరికీ స్వీట్లు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. నోట్లో వేసుకున్నాక తట్టింది, వచ్చే నెల నుంచి ఈ చెయ్యి ఎవరి పాదమూ పట్టుకోదని.

మెట్లన్నీ వార్డు బయటికే

మన దగ్గర నర్సుకు చదువుకునే దారులు తక్కువేం కాదు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ చేస్తే బీఎస్సీ పట్టా వస్తుంది. ఆపైన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. చదువు పెరిగేకొద్దీ ఏమవుతుందో చూడండి. ఎమ్మెస్సీ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లాలి. సర్వీసు పెరిగితే రిజిస్టర్ల దగ్గరికి వెళ్లాలి. ఇంగ్లిష్ బాగా వస్తే విమానం ఎక్కాలి. ఎదిగిన ప్రతి నర్సూ రోగి మంచానికి ఒక అడుగు దూరం జరుగుతుంది. మంచం పక్కనే ఉండి ఎదగాలనుకునే మనిషికి మనం కట్టిన మెట్లు దాదాపు లేవు. నర్సింగ్ గురించి ఎవరు మాట్లాడినా సేవ, త్యాగం అంటారు. మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ ఫొటోకు దండ వేసి కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ నైటింగేలే 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సింగ్‌కు బడి పెట్టి, ఇది నేర్చుకోవాల్సిన విద్య అని నిలబెట్టారు. మనం ఆ విద్య సంగతి పక్కన పెట్టి దీపాన్ని మాత్రం పట్టుకున్నాం.

జీతాల సంగతీ చెప్పుకోవాలి. కేంద్ర ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌కు ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి నెల మూలవేతనమే 44,900 రూపాయలు. ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ పరీక్షకు వేలమంది రాత్రిళ్లు మేలుకుని చదివేది అందుకే. ప్రైవేటు సంగతి వేరు. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం కమిటీ వేసింది. రెండొందల మంచాలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, యాభై మంచాల లోపు నర్సింగ్ హోమ్ అయినా 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. మీ వీధి చివరి నర్సింగ్ హోమ్‌లో కాన్పు గది చూసుకునే అమ్మాయిని ఎప్పుడైనా అడిగి చూడండి, ఆ సిఫారసు ఆమె దాకా వచ్చిందో లేదో.

ఒక రాత్రి లెక్క

అమ్మ ఉన్న వార్డులో ఆ రాత్రి ముప్ఫై రెండు మంచాలకు ఇద్దరు సిస్టర్లు. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఎనిమిది గంటలకు హ్యాండోవర్. పగటివాళ్లు మంచం మంచానికీ తిరిగి అప్పజెబుతారు: ఈయనకు రైల్స్ ట్యూబ్, ఈమెకు ఉదయం నుంచి ఏమీ ఇవ్వకూడదు, ఆ మూలాయన పిచ్చి పిచ్చిగా మాట్లాడుతున్నారు, మంచానికి రెయిల్ వేసి ఉంచండి. తర్వాత మందులు. ఇది ఫలానా మనిషికేనా, ఇదే మందా, ఇదే మోతాదా, ఎక్కించే దారి ఇదేనా, వేళ ఇదేనా అని అయిదు ప్రశ్నలు ప్రతి సూదికీ వేసుకోవాలి. పొటాషియం క్లోరైడ్ లాంటివి నేరుగా నరంలోకి వెళితే గుండె ఆగుతుంది కాబట్టి ఇద్దరు చూసుకుని కలపాలి. ఇద్దరే ఉన్నచోట, రెండో ఆమె ఇంకో మూల వాంతులు పట్టుకుని ఉంటే? కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆయా దొరికితే అదృష్టం. మధ్యలో మాలాంటి అటెండర్లం ఉండనే ఉన్నాం. సెలైన్ అయిపోవస్తోంది అని మూడుసార్లు పిలిచేవాళ్లు, డాక్టర్ రాకపోతే సిస్టర్ మీద అరిచేవాళ్లు. డాక్టర్ మీద అరవడానికి జంకే గొంతు సిస్టర్ దగ్గర పెరుగుతుంది. నా గొంతు కూడా ఒకసారి పెరిగింది.

ఇవన్నీ అయ్యాక రాత. చేసింది రాయకపోతే చేయనట్టే లెక్క. తెల్లవారుజామున నాలుగింటికి చిన్న సిస్టర్ మూడు రంగుల పెన్నులతో ఛార్టులు నింపుతోంటే, ఆ కాగితాల కింద ఇంకో పుస్తకం అంచు కనబడింది. అప్పుడు పట్టించుకోలేదు.

కరీంనగర్ చూపిన దారి

మంచం పక్కనే ఉండి ఎదిగిన నర్సులు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. తెలంగాణలో కాన్పుల లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి అరవై పైచిలుకు కాన్పులు కోతలే. ప్రైవేటులో అయితే ఎనభై దాటాయి. ఈ లెక్క బయటికి రాకముందే, 2017లో, ప్రభుత్వం యునిసెఫ్‌తోనూ హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తోనూ కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తొలి బ్యాచ్ కరీంనగర్‌లో. ఏళ్ల తరబడి లేబర్ రూములో పనిచేసిన స్టాఫ్ నర్సులే మళ్లీ విద్యార్థులయ్యారు.

వాళ్లు కొత్తగా నేర్చుకున్నది ఒక రకంగా పాతదే. నొప్పులు పడుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టక నడవనివ్వడం, కూర్చోనివ్వడం, బంతి మీద ఊగనివ్వడం, నడుము రాయడం, అరవకు అని గద్దించకపోవడం. దాంతోపాటు, ఏ క్షణంలో ఇక ఆగకూడదో, ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో ఖచ్చితంగా తెలిసి ఉండటం. మా పెద్ద సిస్టర్ పాదం పట్టుకుని తెలుసుకున్నదీ ఇలాంటి విద్యే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ విద్యకు ఒక పేరుంది, పట్టా ఉంది, ‘ఈ కాన్పు నేను చూసుకుంటాను’ అనే హక్కు ఉంది.

ఇతర దేశాల్లో ఇది కొత్త కాదు. అమెరికాలో 1965లోనే కొలరాడోలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు మొదలైంది. బ్రిటన్‌లో తగిన శిక్షణ పొందిన నర్సు మందులు రాయవచ్చు. మన నర్సింగ్ కౌన్సిల్ కూడా ఐసీయూ నర్సుల కోసం క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తెచ్చింది. కోర్సు వచ్చినంత వేగంగా కుర్చీ రాలేదు. ఆ కుర్చీ లేనంతకాలం, చదివి మళ్లీ అదే డ్యూటీలో చేరడమే. ఊళ్లలో మాత్రం కొంత కదలిక ఉంది. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు పల్లె దవాఖానాల్లో, ఆంధ్రాలోని విలేజ్ క్లినిక్కుల్లో కూర్చుని బీపీ, షుగర్ రోగులను సొంతంగా చూసుకుంటున్నారు. పల్లెటూరి పెద్దవాళ్లు వాళ్లని ‘డాక్టరమ్మా’ అంటారు. వాళ్లు ముందు సిగ్గుపడి, తర్వాత దిద్దడం మానేస్తారు.

డిశ్చార్జి రోజున అమ్మ చేతికున్న క్యాన్యులా తీయడానికి చిన్న సిస్టరే వచ్చింది. ప్లాస్టర్ అంచు స్పిరిట్‌తో తడిపి, వెంట్రుకలు లాగకుండా ఓపిగ్గా ఊడదీసింది. దూది పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ నాలుగు రోజుల్లో తనకూ ఒక అలవాటు పట్టుబడింది. దూది నొక్కుతూనే రెండో చేత్తో దుప్పటి కిందికి పోనిచ్చి అమ్మ పాదం తడిమి చూసింది.

“వెచ్చగా ఉన్నాయిలే అమ్మా.”

“నువ్వూ ఆ పెద్దావిడంత అవుతావు, చూస్తూ ఉండు,” అంది అమ్మ.

ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. నేను ఉండబట్టలేక, ఆ రాత్రి ఛార్టుల కింద ఉన్న పుస్తకం ఏమిటని అడిగాను.

“ఓఈటీ అన్నా. బయటికి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష. వచ్చే నెల ఇరవయ్యో తారీఖు.”

దూది తీసి చూసింది. రక్తం ఆగింది. చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి, పక్క మంచం దగ్గర సెలైన్ అయిపోతోందని పిలుస్తుంటే వెళ్లిపోయింది.