గోగు శ్యామల : నోటిమాటకు అక్షరరూపమిచ్చిన రచయిత్రి

శ్రీశైలమునకు సోపానములు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పేరు శాసనముల మూలమున మనకు తెలిసినది. ఆ రాతిని చెక్కిన వారెవరు, మోసిన స్త్రీలెవరు అని మా విద్యార్థులు ప్రశ్నించిన మేమేమి చెప్పగలము? వ్రాత యెరుగనియ్యబడని జనుల చరిత్ర వారి నోటనే యుండును. చెప్పువారు గతించిన దినముననే యదియు మాయమగును. అట్టి చరిత్రను అక్షరములలో నిలుపుటకు పూనుకొనిన యొక తెలుగు స్త్రీని గూర్చి యిచ్చట తెలుప నెంచితిమి.

గోగు శ్యామలగారు 1969వ సంవత్సరమున తాండూరు చెంత పెద్దేముల్ గ్రామమున మాదిగ కుటుంబమునందు జన్మించిరి. తలిదండ్రులు వ్యవసాయపు కూలీలు. శ్యామలగారు చదువుకొని, హైదరాబాదు నందలి 'అన్వేషి' అను స్త్రీల పరిశోధన సంస్థలో పనిచేసిరి. వీరి సంపాదకత్వమున 2003లో 'నల్లపొద్దు' వెలువడినది. 1921 మొదలు 2002 వరకు దళిత స్త్రీలు చేసిన రచనలు అందు కూర్పబడినవి. ఆ స్త్రీలు ఏమియు వ్రాయలేదని పలుకువారికి ఆ సంవత్సరములే ప్రత్యుత్తరము. పిమ్మట 2006లో జూపాక సుభద్రగారితో కలిసి, మాదిగ, మాదిగ ఉపకులముల స్త్రీల కథలను 'నల్లరేగటిసాల్లు' అను పేర ప్రకటించిరి. నల్లరేగడి యననేమో మన నంద్యాల ప్రాంతపు బాలురకు వేరుగ చెప్ప నక్కరలేదు!

శ్యామలగారి సొంత కథలు తెలంగాణపు పల్లెపలుకులో నడచును. గ్రాంథికము వ్రాయు మాబోంట్లకు ఆ పలుకు మొదట క్రొత్తగా తోచును. అయినను దానిని దిద్దినచో దానితోకూడ ఆ బ్రదుకును దిద్దినట్లే యగునని మా యభిప్రాయము. అమెరికా దేశపు నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ కును ఈ చిక్కే కలిగెను. ఆఫ్రికానుండి 1860లో బానిసగా ఓడలో తేబడిన కొస్సోలా యను వృద్ధుని కథను 1927, 28 సంవత్సరములలో ఆమె స్వయముగ విని, అతని పలుకుబడిలోనే వ్రాసెను. ప్రకాశకులు భాషను మార్చుమనిరి; ఆమె యొప్పుకొనలేదు. 1960లో ఆమె మరణించెను. ఆ గ్రంథము 2018లో గాని అచ్చు కాలేదు.

శ్యామలగారి గ్రంథములలో మాకు మిక్కిలి విలువగలదిగ తోచునది 'నేనే బలాన్ని'. ఇది టి. ఎన్. సదాలక్ష్మిగారి బ్రదుకుకథ. సదాలక్ష్మిగారు సికింద్రాబాదున, వీధు లూడ్చు మెహతర్ కులమున 1928లో జన్మించి, శాసనసభ ఉపసభాపతి పదవిని, దేవాదాయ శాఖ మంత్రి పదవిని వహించిరి. మన శ్రీశైల దేవస్థానము వంటి ఆలయముల వ్యవహారములను చూచు శాఖ యదియే. ఏ కులము వారిని గుడి వాకిట నిలిపిరో ఆ కులపు స్త్రీ సంతకము గుడుల కాగితములపై పడెను! సదాలక్ష్మిగారు జీవించియుండగనే శ్యామలగారు వారిచెంత గూర్చుండి, వారి మాటలను వారి నోటనే విని పదిలపరచిరి. 2004లో సదాలక్ష్మిగారు గతించిరి. గ్రంథము 2011లో వెలువడినది.