ఫార్మాట్ కానంటోందా? కాస్త ఆగండి!

'విండోస్ ఫార్మాట్ పూర్తి చేయలేకపోయింది'. ఈ మెసేజ్‌తో హార్డ్ డిస్క్ పట్టుకుని ఫ్రెండ్స్ నా దగ్గరికి వస్తుంటారు. 'ఎలాగైనా ఫార్మాట్ కొట్టెయ్' అంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే: లోపల ఫొటోలేమైనా ఉన్నాయా?

ఉంటే ఫార్మాట్ మాటెత్తను. డ్రైవ్ 'రా' అని చూపించినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. వాటి లెక్క రాసిపెట్టే ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఉండొచ్చు. 'ఫొటోరెక్' లాంటి ఉచిత టూల్‌తో వెతికి, దొరికినవి వేరే డిస్క్‌లో సేవ్ చేస్తాను. డిస్క్ టక్ టక్ మంటుంటే మాత్రం వెంటనే ఆపేసి, రికవరీ నిపుణుల దగ్గరికి పంపిస్తాను.

ఫొటోల భయం లేదా? అయితే కేబుల్, పోర్టు మార్చి చూడండి. తర్వాత 'క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో'లో డిస్క్ ఆరోగ్యం చూడండి. పెండింగ్ సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మొద్దు. ఫార్మాట్ చేసినా బాగుపడదు.

అంతా బాగుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'డిస్క్‌పార్ట్' టైప్ చేయండి. 'లిస్ట్ డిస్క్' కొట్టి, సైజును బట్టి మీ డిస్క్ నంబరు గుర్తుపట్టండి. 'సెలెక్ట్ డిస్క్' పక్కన ఆ నంబరు ఇవ్వండి. రైట్ ప్రొటెక్షన్ అడ్డుపడుతుంటే 'అట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్ఓన్లీ' కొట్టండి. అప్పటికీ మొండికేస్తే 'క్లీన్'. ఇది ఒక్క పార్టిషన్‌నే కాదు, ఆ డిస్క్‌లోని పార్టిషన్లన్నిటినీ లేపేస్తుంది. పైగా 'ఖాయమేనా?' అని కూడా అడగదు. అందుకే ఎంటర్ కొట్టేముందు నేను నంబరు రెండుసార్లు చూస్తాను. ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త పార్టిషన్ చేసుకుంటే సరి.